ఓడ గడియారంలో రాహుకాలం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియనిదేదైనా ఎదురైతే అప్పటికప్పుడు కల్పించి చెప్పేవాణ్ణి, చెప్పాక దాన్ని అందరికంటే ముందు నేనే నమ్మేసేవాణ్ణి. పాత వస్తువుల కొట్టు పెట్టుకున్నవాడికి ఇంతకంటే అర్హత ఏం కావాలి చెప్పండి? ఇంజనీరింగు చదివి, చేరిన ఉద్యోగమల్లా మానేసి, కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో ఒక షట్టరు గది అద్దెకు తీసుకున్నాను. స్టీల్ ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన మా నాన్న, బంధువులెవరైనా అడిగితే "ఇంటీరియర్ డెకరేషను" అని చెప్పేవారు. మా అమ్మ మాత్రం "పాత సామాన్ల కొట్టు" అనేసేది (పాపం, ఆవిడకి అబద్ధమాడటం చేతకాదు).

కొట్లో పడగొట్టిన ఇళ్ళ తలుపులు, పచ్చళ్ళ జాడీలు, తిప్పితే మూలిగే గ్రామఫోను ఒకటి ఉండేవి. కానీ అసలు సరుకంతా ఓడలదే. గాజువాక వైపు స్క్రాపు కొట్లలో ఇత్తడి దీపాలు, గుండ్రటి ఓడ కిటికీలు తూకానికి దొరికేవి. బీచి రోడ్డులో కాఫీ హోటళ్ళు పెట్టేవాళ్ళు వాటిని గోడలకి తగిలించుకోవడానికి కొనేవారు. నా భాగస్వామి పాలిష్ బావ. నాకు చుట్టమేమీ కాడు, మా ఊళ్ళో మగవాళ్ళంతా ఒకరికొకరు బావలే. కనిపించిన ఇత్తడినల్లా చింతపండు పెట్టి తళతళా తోమేసేవాడు కనుక పాలిష్ అన్న బిరుదు వచ్చింది. పాత వస్తువు పాతగానే కనపడాలి మొర్రో అని నేను మొత్తుకుంటే, "మొకం కడుక్కుంటే ముసిలోడు కుర్రోడైపోతాడేటి బావా?" అని నన్నే ఎదురడిగేవాడు.

ఒకరోజు స్క్రాపు గోనెసంచిలో ఒక గడియారం వచ్చింది. గుండ్రటి ఇత్తడి పెట్టె, తెల్లటి ముఖం. తాళంచెవితో కీ ఇస్తే బుద్ధిగా నడిచింది. అంతవరకూ మామూలే. కానీ ఆ ముఖం మీద మూడు అంకె పక్కన ఒకటి, తొమ్మిది అంకె పక్కన ఒకటి సన్నటి ఎర్ర ముక్కలున్నాయి. పన్నెండు పక్కనా ఆరు పక్కనా అలాంటివే పచ్చ ముక్కలు. పెద్ద ముల్లు ఒక్కో ముక్కని దాటడానికి మూడు నిమిషాలు పట్టేది. ఎందుకవి? ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. అన్నం తింటున్నా అదే, బస్సులో నిలబడ్డా అదే. స్క్రాపు కొట్టాయన "అందానికి" అన్నాడు. గడియారాలు బాగుచేసే పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని తీరిగ్గా చూసి, ముల్లు తిప్పడం వరకే తన పని, రంగుల సంగతి తనకి తెలియదన్నాడు. చివరికి సింహాచలం కొండ దిగి నుదుట గంధంతో వస్తున్న ఒక పెద్దమనిషి, ఇత్తడి గంట బేరమాడటానికి ఆగి, గడియారం వంక ఒక్క చూపు చూశాడు. ఇది రాహుకాలం గడియారం, ఎరుపు చెడు, పచ్చ మంచి, ఆమాత్రం తెలియదా అనేసి గంట కొనకుండా వెళ్ళిపోయాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. కాకపోతే రాహుకాలం రోజుకి ఒక్కసారి కదా, అదీ గంటన్నర కదా, ఇదేమిటి గంటకి రెండుసార్లు మూడేసి నిమిషాలు అని చిన్న సందేహం మిగిలింది. బావ దాన్ని కూడా తీర్చేశాడు. "అది నేల మీద బావా. సముద్రం మీద రాహువుకి అడ్డేటుంది? ఇలా వొస్తాడు, అలా ఎల్లిపోతాడు." ఖాయం చేసుకుందామని ఫోనులో "ఓడ రాహుకాలం గడియారం" అని వెతికాను. అది నాకు ఆ రోజు పంచాంగం చూపించింది. ఇంకేం, ఫోను కూడా ఒప్పేసుకుందనుకున్నాను.

సందంతా ఆ కబురు పాకింది. చేపలమ్మే అప్ప గంప దించేముందు మా గుమ్మం దగ్గర ఆగి, ముల్లు ఎర్రదాన్లో ఉందా పచ్చదాన్లో ఉందా అని అడిగేది. టైలరు కొత్త గుడ్డ కత్తిరించేముందు తొంగి చూసేవాడు. కొట్టుకి ఎన్నడూ లేనంత మంది వచ్చేవారు, గడియారం మాత్రం ఎవరూ కొనేవారు కాదు (రాహుకాలాన్ని ఏరికోరి ఇంటికి తీసుకెళ్ళేదెవరు?).

అదే సమయంలో మా పిన్ని నాకు ఒక సంబంధం తెచ్చింది. అంతకుముందు వచ్చినవన్నీ కొట్టు మాట వినగానే వెనక్కి మళ్ళాయి. పోతే పోయాయి, నేనూ పట్టించుకోలేదు. ఇది మాత్రం పోకూడదు. ఎందుకంటే ఆ అమ్మాయిని పిన్ని వాళ్ళింట్లో వ్రతం రోజున చూశాను. అందరూ ప్రసాదం తింటుంటే ఆమె ఒక్కతే ఆకు పక్కన పెట్టి, మూలనున్న పాత జాడీని తిరగేసి అడుగున ఏ ముద్ర ఉందో చూసింది. అక్కడితో నా పని అయిపోయింది. వాళ్ళ నాన్నగారు ఓడల్లో ఏదో చేసి రిటైరయ్యారట, మాట తక్కువట, ముందు కొట్టు చూస్తాను, ఆ తర్వాతే మిగతా సంగతులు అన్నారట. ఓడల మనిషి అనగానే నాకు హుషారొచ్చింది. ఆ రాత్రికి రాత్రే గడియారాన్ని గుమ్మానికి ఎదురుగా తగిలించాను. బావ దాన్ని మళ్ళీ తోమాడు.

మర్నాడు ఎండ నడినెత్తికి వస్తుండగా తండ్రీ కూతుళ్ళిద్దరూ ఆటో దిగారు. నేను నవ్వు సర్దుకుని ఎదురెళ్ళబోతున్నాను. ఇంతలో బావ రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఆగండాగండి. ముల్లు ఎర్రదాన్లో ఉన్నాది. లోనకి రాకండి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లనిచ్చే పెద్దమనిషిని ఎండలో నిలబెట్టేశాడు. ఆయన మాత్రం విసుక్కోలేదు. గుమ్మం అవతల నుంచే గడియారం చూసి, తల కొంచెం పక్కకి వంచి, అలాగే ఉండిపోయారు. కూతురు ఏదో అనబోతే వేలెత్తి వద్దన్నారు. పట్టాల మీద గూడ్సు బండి వచ్చి వెళ్ళింది. ముల్లు ఎర్ర ముక్క దాటాకే లోపల అడుగుపెట్టారు. మంచి నియమం గల మనిషి బావా అని పాలిష్ బావ నా చెవిలో ఊదాడు. దాంతో నాకు కొండంత ధైర్యం వచ్చి, గడియారం చరిత్ర మొదలుపెట్టాను. రాహువు, కేతువు, సముద్రం, మన శాస్త్రం తెల్లవాళ్ళు ఎత్తుకుపోవడం, ఒక్కటి వదల్లేదు. ఆయన కుర్చీలో కూర్చుని అంతా విన్నారు.

"మరి ఆ టైములో ఓడ మీద ఏటి చేస్తారు?" అని అడిగారు.

"ఇంజను ఆపేస్తారండీ."

"లంగరు కూడా వేస్తారా?"

"పెద్ద ఓడలైతే వేస్తారండీ."

అమ్మాయి చటుక్కున అటు తిరిగి, గోడకి ఆనించిన ఓడ కిటికీలోంచి చూడటం మొదలుపెట్టింది. ఆ కిటికీలోంచి చూస్తే సున్నం గోడ తప్ప ఏమీ కనపడదు. ఆమె భుజాలు ఎందుకు కదులుతున్నాయో నాకు అర్థం కాలేదు.

"నాను ఓడల్లో రేడియో ఆఫీసర్ని బాబూ," అన్నారాయన. కోపమేమీ లేదు ఆ గొంతులో. "ఇది మా రేడియో గదిలో ఉండే గడియారం. ముల్లు ఆ రంగుల్లోకి వస్తే సముద్రం మీద ఉన్న ఓడలన్నీ సందేశాలు పంపడం ఆపేసి వినాలి. ఎరుపు టెలిగ్రాఫు తంతికి, పచ్చ నోటి మాటకి. ఎక్కడో ఎవడో మునిగిపోతా, సన్నగా పిలుస్తా ఉంటాడు. మనందరి గోలలో వాడి పిలుపు వినపడదు. అందుకని ఆ మూడు నిమిషాలూ వాడివి."

నా ముఖం మాడిపోయింది. సంబంధం గోవిందా అని తెలిసిపోయింది. క్షమించమనాలో, పారిపోవాలో తేల్చుకోలేక నిలబడ్డాను. కానీ ఇన్నాళ్ళూ నన్ను నమిలేసిన ప్రశ్నకి అసలు జవాబు దొరికేసరికి సిగ్గు కూడా మరిచిపోయి, ఆయన ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాను. "మరి మీకెప్పుడైనా వినపడిందాండీ?" అని అడిగాను.

ఆయన కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "ఒకసారి," అన్నారు. ఆ ఒక్కసారి కథ చెప్పడం మొదలుపెడితే బావ తెచ్చిన టీలు చల్లారిపోయాయి. ముల్లు మళ్ళీ ఎరుపులోకి వచ్చినప్పుడు ఆయన మాట మధ్యలోనే ఆపారు. మేమూ ఆపాం. దాటాక, ఆ దూరపు ఓడలోని మనుషుల్ని ఎలా పైకి లాగారో చెప్పారు. ఆయన కళ్ళు చెమర్చాయి, నావీ అంతే. బావ అయితే బాహాటంగా ఏడ్చేశాడు.

సంబంధం కుదిరింది. ఎందుకు కుదిరిందో పెళ్ళయ్యాక మా ఆవిడ చెప్పింది. ఇంటికెళ్ళే ఆటోలో ఆయన, "కుర్రోడికి ఏటీ తెలీదమ్మా. కానీ అడిగాడు. నాకేటి వినపడిందని మనింట్లో ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు" అన్నారట. ఆవిడకి గడియారం సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు. మరి అప్పుడే చెప్పి నన్ను కాపాడొచ్చుగా అంటే, పెద్ద ఓడలకి లంగరు ఎలా వేస్తారో పూర్తిగా విందామనుకున్నానంటుంది.

మామగారు ఇప్పుడు లేరు. కొట్టుంది, కాస్త పెద్దదయింది. ఎవరైనా ఏదైనా వస్తువు చూపించి ఇదేమిటని అడిగితే "తెలియదండీ" అనడం నేర్చుకున్నాను. బావ ఇంకా తోముతూనే ఉన్నాడు. గడియారం మాత్రం అమ్మలేదు, మా హాల్లో ఉంది. మేమిద్దరం ఎంత భీకరంగా పోట్లాడుకుంటున్నా, ముల్లు ఎర్ర ముక్కలోకి వస్తే ఎవరు ముందు చూస్తే వాళ్ళు వేలెత్తుతారు. ఇద్దరం నోరు మూసుకుంటాం. ఫ్యాను చప్పుడు, కింద కూరగాయల బండి కేక, పోర్టు వైపు నుంచి ఏదో ఓడ కూత వినిపిస్తాయి. ఒక్కోసారి వాటన్నిటి వెనక నుంచి, "పెద్ద ఓడలైతే వేస్తారండీ" అంటూ ఒక కుర్రాడి గొంతు వినపడుతుంది. పాపం, నిండా మునుగుతూ కూడా ఎంత ధీమాగా చెప్పాడో. నవ్వొచ్చినా ఆపుకుని, ముల్లు దాటేదాకా వాడి మాటే వింటూ కూర్చుంటాను.