హిల్డా ట్రాంటర్ కుట్టిన సీటు

హిల్డా ట్రాంటర్‌కి కార్లంటే గిట్టదు. కార్లవాళ్ళంటే అసలే గిట్టదు. పద్దెనిమిదో ఏట కోవెంట్రీలో, ఇప్పుడు మూతపడ్డ ఓ చిన్న ఫ్యాక్టరీలో, దొరల కార్లకు తోలు సీట్లు కుట్టే పనికి చేరింది. 1962లో అక్కడ తయారైన పెద్ద కార్లు మొత్తం నలభై మూడే. వాటి సీట్లన్నీ ఆమె కుట్టినవే. పూర్తయిన కారులో పనివాళ్ళు కూర్చోకూడదు. సీటు కుంగుతుందేమో చూడ్డానికి ఇసుక మూటను కూర్చోబెట్టేవారు. ఇసుక మూటకు పట్టిన యోగం హిల్డాకు పట్టలేదు.

ఆమెకు డెబ్బై అయిదేళ్ళు వచ్చాక డెస్మండ్ క్రాఫ్ట్ అనే పెద్దమనిషి వెతుక్కుంటూ వచ్చాడు. ఆ నలభై మూడింట్లో ఒకటి అతని దగ్గరుంది. పాత కార్ల పోటీలో, సీట్లు మార్చినవి కావు, అప్పటివేనని ఆమె సాక్ష్యం చెప్పాలట. గెలిస్తే వచ్చేది చంకలో పట్టేంత వెండి కప్పు. దానికోసం ఇంత వినయం! హిల్డా వస్తానంది. ఒక్కసారి ఆ వెనక సీట్లో కూర్చోవాలని ఆమె ఆశ.

పోటీ రోజున మైదానం నిండా టోపీల మగాళ్ళు మెత్తటి గుడ్డలతో బంపర్లు తుడుచుకుంటున్నారు. కన్నబిడ్డల ముక్కు ఏనాడైనా అంత శ్రద్ధగా తుడిచారో లేదో. హిల్డా వెళ్ళి డెస్మండ్ కారు వెనక తలుపు మీద చెయ్యి వేసింది.

“కాసేపు కూర్చుంటాను బాబూ.”

“అయ్యయ్యో, వద్దు మిసెస్ ట్రాంటర్! పాత తోలు, చిట్లిపోద్ది. మీకోసం మడత కుర్చీ తెచ్చాగా.”

“మరి నువ్వు కూర్చుంటావా?”

“నేనా? చచ్చినా కూర్చోను!” అన్నాడు డెస్మండ్ గొప్పగా.

ఇంతలో న్యాయనిర్ణేత వచ్చాడు. హిల్డా సీటు అడుక్కి వేళ్ళు పోనిచ్చింది. కుట్టు ముగించేటప్పుడు అందరూ రెండు కుట్లు వెనక్కి వేస్తే ఆమె మూడు వేసేది. మూడూ వేళ్ళకు తగిలాయి.

“మీ పనేనా అమ్మా?” అని అడిగాడాయన.

హిల్డా మడత కుర్చీ వంక చూసింది. “నాది కాదు. ఇంత దరిద్రంగా నేను కుట్టను. తర్వాతెవడో వేయించాడు.”

కప్పు చేజారింది. డెస్మండ్ మొహం మాడిపోయింది. వెనక తలుపు బార్లా తెరిచాడు.

“కూర్చోండి, తనివితీరా కూర్చోండి! నకిలీదేగా, ఎవరు కూర్చుంటే ఏం?” అని విసవిసా టీ డేరాకేసి పోయాడు.

హిల్డా కూర్చుంది. సీటు ఆమెను మెత్తగా ఒళ్ళోకి తీసుకుంది. ఇంత బాగా కుట్టానా అని ఏడుపొచ్చింది. ఆ మాట ఇక ఎవరితోనూ చెప్పుకోవడానికి లేదు.