పదిహేను నిమిషాల తీసివేత

గూడూరు నుంచి బందరులోని స్కూలుకు ఇరవై రెండేళ్లుగా బస్సులోనే వెళ్లి వస్తున్నాను. బస్సు తప్పిపోతుందన్న భయంతో ఇంట్లో గోడ గడియారాన్ని ఎప్పుడో పదిహేను నిమిషాలు ముందుకు పెట్టాను. చూసినప్పుడల్లా మనసులో పదిహేను తీసేసుకోవడం అలవాటైపోయింది.

మొన్న దసరా సెలవుల చివర్లో మా టీచర్లం ఆరుగురం ఒక కొండ మీదున్న పాత వేధశాల చూడటానికి వెళ్లాం. అక్కడ ఇప్పటికీ నడుస్తున్న నిలువెత్తు గడియారం ఉంది. ఒకప్పుడు నక్షత్రాలను చూసి దాన్ని సెకన్లతో సహా సరిచేసేవారట. ఆ టైమే తంతి ద్వారా రైల్వే స్టేషన్లన్నిటికీ వెళ్లేదట.

కిందికి ఆఖరి బస్సు నాలుగింటికి. "టైమెంతైందక్కా?" అని సైన్సు టీచర్ పద్మ అడిగింది. గడియారం చూస్తే నాలుగవడానికి పది నిమిషాలుంది. "ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది, కాసేపు కూర్చోండి" అన్నాను. లెక్కల టీచర్ని కదా, నమ్మారు.

మేం బయటికొచ్చేసరికి బస్సు లేదు.

"గడియారం ఎదురుగా నిలబడే కదక్కా చెప్పావు" అంది పద్మ. దేశానికి టైం చెప్పిన గడియారంలోంచి కూడా పదిహేను తీసేశానని ఎలా చెప్పను? మోకాళ్లు పట్టుకుని కొండంతా నడిచి దిగాం.

ఇంటికి రాగానే స్టూలెక్కి మా గడియారాన్ని సరిచేశాను. మర్నాడు స్కూలుకు తయారై, దాన్ని చూసి, ఇంకా పదిహేను నిమిషాలుందనుకుని తాపీగా కాఫీ తాగాను. బస్సు వెళ్లిపోయింది.

సాయంత్రం మళ్లీ స్టూలెక్కి ముల్లును ముందుకు తోశాను. ఈ వయసులో నన్ను మార్చడం కంటే గడియారాన్ని మార్చడమే తేలిక.