చదివాకే సంతకం

మా డిగ్రీ కాలేజీ తెలుగు మేడమ్ పోయారని మొన్న పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చింది. నమ్మలేదు. ఇద్దరికి ఫోన్ చేసి అడిగాకే ఏడ్చాను. ఎవరేం చెప్పినా ముందు అనుమానించడం నా పుట్టుబుద్ధి. దానికి నన్ను తిట్టని టీచరు ఆవిడొక్కరే.

మాది ముంచింగిపుట్టు అవతల కొండమీది ఊరు. తాత ఏదో కాగితం మీద వేలిముద్ర వేశాడు, పొలం పోయింది. అందుకే అరకు కాలేజీకి పంపేటప్పుడు నాన్న ఒకటే చెప్పాడు. "ఏ కాయితం మీదా పేరెట్టకు."

మొదటి నెలలోనే మేడమ్ విద్యార్థి కమిటీలో చేరమని క్లాసులో కాగితం తిప్పారు. కొండ దిగువ మైదాన ప్రాంతం నుంచి వచ్చినావిడకి మా పేర్లెందుకు? అతిథులొస్తే మాచేత థింసా ఆడించి ఫొటోలు తీసుకోవడానికే అనుకున్నాను. తప్పించుకోలేక మా మేనత్త పేరు రాసిచ్చాను. మర్నాడు మేడమ్ ఆ పేరు పిలిస్తే ఎవరూ పలకలేదు. నా వైపోసారి చూసి, "వస్తుందిలే" అన్నారు.

కాలేజీలో ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. చదువు మానేద్దామని బట్టలు సర్దుకుని రెండుసార్లు బస్టాండుదాకా వెళ్లొచ్చాను. మూడోసారి గేటు దగ్గర మేడమ్ ఎదురయ్యారు. "ఏటి, ఎల్లిపోతన్నావా? ఎల్లేముందు ఇది సదివిపెట్టు. అందరూ గుడ్డిగా సంతకాలెట్టేసినారు" అని ఓ అర్జీ చేతికిచ్చారు. హాస్టల్లో నీళ్లు రావడం లేదని కమిటీ పిల్లలు టైపు చేయించిన అర్జీ అది. చివర్లో, "ఇకపై ఫిర్యాదు చేయము" అని ఎవరో చేర్చారు. చూపించాను.

"అయితే నువ్వే సెప్పు ఆళ్లకి" అన్నారు.

సాయంత్రం అందరి ముందూ చదివాను. అందరూ విన్నారు. బస్సు వెళ్లిపోయింది. ఆ తర్వాత కమిటీలో ఏ కాగితమైనా ముందు నా దగ్గరికే వచ్చేది. నా స్నేహితులంతా ఆ కాగితాల దగ్గరే దొరికారు. రెండో ఏడు కమిటీ జాబితాలో మేనత్త పేరు కొట్టేసి నా పేరు రాశాను. డిగ్రీ పూర్తిచేశాను.

అర్జీలో ఆ చివరి వాక్యం మేడమే చేర్పించారేమోనని నాకిప్పటికీ అనుమానమే. ఓసారి అడిగేశాను కూడా. "నేనిచ్చిన కాయితమైనా సదివే సంతకమెట్టు, గుంటా" అన్నారు, ఆడపిల్లలందర్నీ పిలిచినట్టే. అంతే తప్ప అవుననలేదు, కాదనలేదు.

నిన్న చర్చిలో, ఆవిడ ఫొటో పక్కన సంతాపం రాసే పుస్తకం పెట్టారు. మొదటి పేజీకి తిప్పి చదవడం మొదలుపెట్టాను. "బేగి ఎట్టమ్మా" అని వెనకవాళ్లు తొందరపెడుతూ గొణుగుతున్నారు. చివరిదాకా చదివాకే నా పేరు రాశాను. పక్కకి జరిగి చూస్తే, నా వెనక నిలబడ్డ మా కాలేజీ జూనియర్ గుంట కూడా పెన్ను పక్కనపెట్టి, మొదటి పేజీకి తిప్పుతోంది.