ముత్తవ్వ గీసిన పీలు

ఆ ఫోను అవతల పెట్టి కుదురుగా కూర్చో చిన్నీ. ఈ నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నవ్వకు.

రెండు వేల నాలుగులో నన్ను భద్రాచలం అవతల అడవిలో ఒక సబ్‌సెంటర్‌కు ఏఎన్ఎంగా వేశారు. అంటే ఊళ్లు తిరిగే నర్సమ్మని. పోలియో చుక్కలకు ఆదివారం బూత్ పెడతాం, తర్వాత ఇల్లిల్లూ తిరుగుతాం. ఇంట్లో పిల్లలందరికీ చుక్కలు పడితే గోడ మీద సుద్దతో ఇంగ్లీషు పీ రాయాలి. ఒక్కరు మిగిలినా ఇంటూ గుర్తు పెట్టి, మర్నాడు మళ్లీ పోవాలి.

అది ఇరవై ఇండ్ల గూడెం. ఏడిండ్ల పిల్లలు తల్లులతో చేలకు పోయారని ఏడు గోడలకు ఇంటూలు పెట్టాను. సుద్దముక్క అక్కడే మరిచాను.

మర్నాడు పొద్దున పోతే ఇరవై గోడల మీదా పీలే! నేను ఇంటూ పెట్టిన ఏడు గోడల మీది పీలు మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ఆ ఏడిండ్ల పిల్లలు ఒక్కరూ లేరు. గూడెంలో పెద్దామె ముత్తవ్వ మాత్రం అరుగు మీద కూర్చుంది, వేళ్లన్నీ తెల్లగా.

"ఏందవ్వా గిది?" అన్నాను.

"అడివి సారు చెట్టుకు ఇంటూ పెడితే మూడోనాడు గొడ్డలొస్తది. మా ఇండ్లకెందుకు పెట్టినవ్? పీ ఉన్న ఇంటికి మళ్ల రానని నిన్న నువ్వే అంటివి. గందుకే అన్నిటికీ గదే పెట్టిన. పిల్లల్ని మంచెల మీద దాచినం."

అంతలో మా సూపర్‌వైజర్ కొత్త బండి మీద దిగాడు. గోడలు చూసి, "శభాష్ సిస్టర్, ఒక్క ఇల్లు మిగల్లే!" అన్నాడు. నోరు మూసుకుంటే మెప్పు నాదే. కానీ ఆ ఏడిండ్ల పిల్లల నోట్లో చుక్క పడదు. ఉన్నది చెప్పేశాను. ఆయన ముఖం మాడింది.

ఇంటూతో ఏమీ కాదని చెబితే ముత్తవ్వ లేచింది. "గా గుర్తుతోని ఏం గాదంటే సారు బండికి పెట్టుర్రి. సారు భయపడకుంటే పిల్లల్ని తెస్తం."

"కొత్త బండి సిస్టర్, మొన్ననే పూజ చేయించిన," అని ఆయన గొణిగాడు. నేను వినలేదు. పెట్రోలు ట్యాంకు మీద ఇంత పెద్ద ఇంటూ గీశాను. ఆయన పళ్లికిలించి నిలబడ్డాడు. గంటలో పిల్లలంతా వచ్చారు, చుక్కలు పడ్డాయి.

ఇది రాసుకో: గుర్తు పెట్టే ముందు, ఆ గుర్తు అక్కడ ఇదివరకే ఎవరు, దేనికి పెడుతున్నారో అడగాలి. ట్రైనింగులో ఈ ముక్క చెప్పలేదు.

ఇంకోటి. సరిగ్గా మూడోనాడు వాగు దగ్గర ఆ సారు బండి...

"అత్తమ్మా, బువ్వ సల్లారుతున్నది, జల్దీ రా!"

ఆఁ, వస్తున్ననే!