హొక్కియెన్ల గుడి, మా క్యాంపు గుడి

చైనా ఓడలకు ఇక్కడి ఇనుప ఖనిజం ఎంత పంపినా చాలని రోజులవి. ఉద్యోగ విరమణ తరువాత నేను మా అన్న కొడుకు లారీ ఆఫీసులో కూర్చునేవాణ్ణి. ఖనిజం కొనడానికి మలేషియా నుంచి చైనా సంతతి పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఖనిజం రైలుకెక్కించే తోరణగల్లుకు జీపులో వెళ్తూ తమ ఊరి గుడి చరిత్ర చెప్పాడు.

ఆయన పూర్వీకులు హొక్కియెన్లు, చైనా దక్షిణ తీరంవాళ్ళు. బతుకుతెరువుకు పడవెక్కేటప్పుడు సొంతూరి గుడిలో అగరొత్తులు కాలిన బూడిద గుప్పెడు మూటగట్టుకున్నారట. దిగినచోట తమకు ఇళ్ళు లేకముందే ఆకుల పందిరి వేసి, ఆ బూడిదను కొత్త కుండలో పోసి, సముద్రం దాటించిన అమ్మవారిని నిలిపారట. పందిరి పోయి పెంకు వచ్చింది. వడ్రంగులను పాత ఊరి నుంచే రప్పించారు. ఏ తరంవాళ్ళు ఏ దూలం మార్చారో ఆయనకు నోటికి వచ్చు. ఆ సాయంత్రం అదంతా డైరీలో వరసగా రాసుకున్నాను.

ఉత్సాహంలో మా సంగతీ చెప్పేశాను. కాలవ నీళ్ళొచ్చిన కొత్తలో మేమూ కోస్తా నుంచి సేద్యానికి వచ్చి, ఇక్కడివాళ్ళు క్యాంపు అనే ఈ ఊరు కట్టుకున్నవాళ్ళమేనని, మా అమ్మ గ్రామదేవత పాదాల దగ్గరి మట్టిని ముంతలో పోసి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందని, ఆ మట్టి మీదే మా క్యాంపు గుడి లేచిందని. రేపే చూద్దామన్నాడు. జీపు దిగగానే మా అన్న కొడుక్కి చెప్పాను.

రెండేళ్ళుగా ఆ గుడిలో మావాడి లారీల డీజిలు డ్రమ్ములున్నాయి. అమ్మవారి రాయి మీద టార్పాలిన్ కప్పాడు. వాడి తల్లి, అంటే మా వదిన, తీసెయ్యమని అడుగుతూనే ఉంది. "యాడ పెట్టేది మా? బయట పెడితే తెల్లారేసరికి ఉండవు," అనేవాడు. నేను పేపరు చదువుకుంటూ ఊరుకునేవాణ్ణి.

కొనే మనిషి వస్తున్నాడనగానే వాడే క్లీనర్లను పెట్టి పూటలో గుడి ఖాళీ చేయించాడు, కడిగించాడు. వదిన నూనె గిన్నెతో వచ్చి గడపలోనే ఆగింది. బండలు డీజిలు తాగి ఉన్నాయి. లోపల వత్తి వెలిగించే వీలు లేదు.

"నేనడిగితే రెండేండ్లు కదల్లేదు. ఆయప్ప ఎవరో చూస్తానంటే పూటలో లేసిపోయినాయి. నీ డ్రమ్ములకూ మనిషిని బట్టి నడుచుకునేది తెలుసు కదప్పా," అంది కొడుకుతో. దీపం గడప బయట నేల మీద పెట్టింది. ఆ మాట నాకూ తగిలింది.

మర్నాడు ఆయన బూట్లు విప్పి లోపలికి వెళ్ళి, చేతులు జోడించి వంగాడు. లోపల ఇంకా డీజిలు వాసనే. బయటికొచ్చి, దీపం వాకిట్లో పెట్టడం మీ ఆచారమా అని నన్నడిగాడు. అవునన్నాను. మా అమ్మ కాలం నుంచీ ఉందని కూడా కలిపాను. ఆయన శ్రద్ధగా తలూపాడు.

ఏమడిగాడని వదిన అంటే, నా జవాబుతో సహా చెప్పాను. ఆమె గడప బయటి దీపంలో మళ్ళీ నూనె పోసింది.

"అయితే ఇంక రోజూ ఈడే పెట్టాల," అంది.

పెట్టింది కూడా, పోయేదాకా. ఆ బండలు ఎప్పుడో మార్పించాం. ఆమె కోడలు ఇప్పటికీ గడప బయటే దీపం పెట్టి, అత్త నేర్పిన పద్ధతి అని పిల్లలకు చెబుతుంది. నేను పక్కనే ఉంటాను, దిద్దను.