రానివాడి వాకిలి

గురజాల వెళ్లే రైల్లో ట్రంకుపెట్టె పైకెత్తబోయి, నడుం పట్టుకుని ఆగిపోయాను. ఎదుటి బల్ల మీది మీసాలాయన లేచి, నా వీపుకు అరచెయ్యి ఆనించాడు.

"నడుం కాదబ్బాయ్, మోకాళ్లు వంచి లేపు."

పెట్టె లేచింది.

"రోజూ కసరత్తు చేస్తానండీ. అయినా ఈ నొప్పి వదలదు" అన్నాను.

"ఎవురి దగ్గర?"

"ఇంట్లోనే, ఒక్కణ్నే."

"మరి వంకరపోతే చెప్పేదెవురు? మేం కసరత్తు చేసే తాలింఖానాలో ఐదుగురమే. వంకర కనపడ్డకాడల్లా ఉస్తాదు చెయ్యి పడుద్ది."

"బద్ధకమేస్తే?"

"రానోడి వాకిట్లోకి పోయి మిగతావోళ్లం కూకుని లేస్తా బస్కీలు తీస్తాం. సిగ్గేసి వాడే లేస్తాడు."

ఆయన పిడుగురాళ్లలో దిగిపోయాడు. మళ్లీ కనిపించలేదు.

ఊరికి తిరిగొచ్చాక ముగ్గురు మిత్రులను వెంటబెట్టుకుని ఒక ఉస్తాదు దగ్గర చేరాను. కొన్నాళ్లకు నడుంనొప్పి పోయింది. రైల్లో విన్న ఆ వాకిలి కట్టుబాటుకు కూడా అందరినీ నేనే ఒప్పించాను.

ముసురు పట్టిన ఒక ఉదయం నేను దుప్పటి ముసుగు తీయలేదు. కాసేపటికి మా ఆవిడ వచ్చి తట్టి లేపింది.

"ఏమండీ, మీ స్నేహితులు మన వాకిట్లో వానలో తడుస్తా గుంజిళ్లు తీస్తున్నారు. పాపం, ఏం తప్పు చేశారో!"