ఏకాంబరం చెక్కిన గరిటె

రేణిగుంట దగ్గర మందుల ఫ్యాక్టరీ ల్యాబులో వనజాక్షికి ఉద్యోగం వచ్చిన కొత్తలో, నగరిలో వాళ్ళ నాయన ఏకాంబరం అలిగి అన్నం మానేశాడు. కారణం వింటే నవ్వొస్తుంది. ఏం పని చేస్తావమ్మా అని ఆయన అడిగితే, "ఆల్కహాల్‌ని అజైడ్‌గా మారుస్తాం నాయనా" అని ఉన్నమాట చెప్పేసింది పిచ్చిపిల్ల.

"మగ్గం నేసి సదివించింది సారాయి కాసేదానికా?"

నచ్చజెప్పేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆల్కహాల్ అంటే తాగేదొక్కటే కాదు, అదో పెద్ద కుటుంబం. దాని కొసనున్న ముక్క ఊరికే ఊడదు, ముందు దాన్ని ఊడేట్టు చేసి, ఆ చోట అజైడ్ అనే ఇంకో ముక్కని అతికించాలి. మందు తయారీలో అదొక మెట్టు.

ఏకాంబరం ముఖం వెలిగింది. "అట్ల సెప్పు! మగ్గం మీద అయిపోయిన పడుగు దారాల కొసకి కొత్త పడుగు అతికినట్టే గదా. మన పనే!"

"అదే నాయనా. కాకపోతే ఆ అజైడ్ పొడి ఉండాదే, దానికి ఇనుము, ఇత్తడి ఏదీ తగలకూడదు. పేలినా పేలతాది. ఒట్టి చేత్తో ముట్టుకున్నా విషమే."

ఆ మాటతో ఆయనకు కంటిమీద కునుకు లేదు. ల్యాబులో ప్లాస్టిక్ గరిటెలు ఉన్నాయంటే వింటేనా! విరిగిన మగ్గం చెక్కను చెక్కి, గాజుపెంకుతో గీకి నున్నగా చేసి, చిన్న గరిటె ఆమె చేతిలో పెట్టాడు. "దీంతో తియ్యి. ఒక్క మేకు గూడా లేదు సూడు."

అప్పటి మేనేజరు పరంధామయ్య నవ్వి సరేనన్నాడు. ఏళ్ళ తరబడి వనజాక్షి ఆ పొడిని దాంతోనే తీసింది. ఎంత బాగుండేవో ఆ రోజులు!

మొన్న కొత్త రూలు వచ్చింది. చెక్క విషాన్ని పీల్చుకుంటుంది, చెక్క సామానేదీ ల్యాబులో ఉండకూడదని. నిజమే, కొత్తవాళ్ళకు ఆమె చెప్పే మాటే అది. కానీ ఏకాంబరం పోయి ఏడాదైంది. మగ్గం పొయ్యిలోకి పోయింది. ఆయన నేసిన చీరలు చిరిగిపోయాయి. మిగిలింది ఈ గరిటె ఒక్కటే.

పక్కన పనిచేసే మురుగేష్ గొంతు తగ్గించి అన్నాడు. "కవర్లో సుట్టి ఇంటికి తీస్కపో అక్కా. ఎవురు సూస్తారు?"

ఆమె మనసు లాగింది. ఎందుకు లాగదూ!

"వద్దులేప్పా. నాకేమీ కాకూడదని సేసినాడు మా నాయన. దీనివల్ల ఇంట్లో ఎవురికన్నా ఏమన్నా అయితే ఆయన ఓర్సుకుంటాడా?"

విషపు చెత్త వేసే డ్రమ్ము దాకా నడిచింది. ల్యాబుకు తెచ్చిన నాటి నుంచీ ఆ గరిటెను గ్లౌజుతో తప్ప పట్టుకోలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నాయన నున్నగా గీకిన ఆ పిడిని ఒట్టి చేత్తో తడమాలని ప్రాణం కొట్టుకుంది.

గ్లౌజు విప్పలేదు. గరిటెను లోపల వేసింది. ఆ చేతులతో కళ్ళు తుడుచుకోవడానికీ లేదు, అట్లాగే నిలబడింది.